మతమునకు రెండు ఖాతాలేల?

ప్రపంచములో ఏ మూలనైనను మతము పేర నెత్తురు చిందినదన్న వార్త వచ్చినప్పుడు, ఆ వార్త వెంబడి మూడు తీర్పులు వెలువడుచున్నవి. చదువుకొన్న యువకుడు మొదటి తీర్పు చెప్పును: "అనర్థములన్నిటికిని మతమే మూలము, మతము పోయిననాడు హింసయు పోవును." ఉపన్యాస వేదికమీది పెద్దమనిషి రెండవ తీర్పు చెప్పును: "ఏ మతమును హింసను బోధింపదు, చంపినవాడు మతస్థుడే కాడు." మూడవ తీర్పు వేదికమీద వినబడదు. వీథి అరుగుమీదను, పెండ్లిపందిటిలోను, రైలుపెట్టెలోను, చుట్టునున్నవారందరు తనవారే యని రూఢి చేసికొన్న పిమ్మట గొంతు తగ్గించి చెప్పుదురు: "మన మతము అట్టిది కాదు, వారిదే అట్టిది."

ఈ మూడును తప్పుడు తీర్పులని మా వాదము. మొదటిది అవివేకము, రెండవది తప్పించుకొనుట, మూడవది రాబోవు హత్యకు ముందుగా వ్రాసియిచ్చు అనుమతిపత్రము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఆయుర్దాయములో అధికభాగము గుమాస్తాపనిలో వెళ్లబుచ్చి, ఇప్పుడు కోలారు ఊరి చివర తమకలో కాలము గడుపుచున్నవారము. మతతత్త్వములను తర్కించు శక్తి మాకు లేదు. కాని లెక్క వ్రాయు పద్ధతి యెరుగుదుము. ఒకే సంస్థకు రెండు ఖాతా పుస్తకములుంచి, జమలన్నియు ఒకదానిలోను, ఖర్చులన్నియు మరొకదానిలోను వ్రాసినచో, ఆ లెక్క ఎంత అందముగా కూడినను దొంగలెక్కయే. మతము, రాజకీయము, హింస అను మూడింటి విషయమున లోకము వ్రాయుచున్నది ఇట్టి దొంగలెక్కయే. మన మహాత్ములను మన పుస్తకములో జమకట్టుకొందుము. ఎదుటివారి హంతకులను వారి పుస్తకములో ఖర్చు వ్రాయుదుము. మన హంతకులును, వారి మహాత్ములును ఏ పుస్తకమునకును ఎక్కరు.

మొదటి తీర్పును పరీక్షింతము. ఇందుకు దూరము పోనక్కరలేదు. 2007వ సంవత్సరము వరకు మన కోలారు జిల్లాలోనిదై, పిమ్మట చిక్కబళ్లాపురము జిల్లాలో చేరిన గౌరిబిదనూరు తాలూకాలో విదురాశ్వత్థమను పుణ్యక్షేత్రము కలదు. విదురుడు నాటినదని చెప్పుకొను రావిచెట్టు ఉండిన చోటది; చుట్టును వందలకొలది నాగప్రతిష్ఠలు కలవు. 1938 ఏప్రిలు 25వ తేదీన అక్కడ గుమిగూడిన జనులమీద మైసూరు సంస్థానపు పోలీసులు తుపాకులు పేల్చిరి. జనులు చేసిన నేరము ధ్వజ సత్యాగ్రహము. చచ్చినవారి లెక్క సర్కారుది ఒకటి, జనులది మరొకటి. జనుల లెక్క ముప్పదికి పైబడినది. దక్షిణదేశపు జలియన్‌వాలాబాగని ఆ చోటికి పేరు వచ్చెను. విచారణకు వేపా రామేశము గారు నియమింపబడిరి. వల్లభభాయి పటేలు గారు దివానుతో మాటలాడి, సంస్థానపు జెండాతో పాటు కాంగ్రెసు జెండాను కూడ ఎగురవేసికొనునట్లు ఒడంబడిక కుదిర్చిరి.

ఇందు గమనింపవలసిన దేమి? చోటు పుణ్యక్షేత్రము. రాజు హిందువు. దివాను సర్ మీర్జా ఇస్మాయిలు ముస్లిము. మతకలహమని పేరు పెట్టుటకు కావలసిన సామగ్రి అంతయు అక్కడ సిద్ధముగా నుండెను. అయినను దానిని మతకలహమని అప్పుడు ఎవ్వరును అనలేదు, ఇప్పుడును అనరు. అది అధికారమునకును ప్రజలకును నడుమ జరిగిన తగవు. నెత్తురు చిందుటకు మతము ఆవశ్యకము కాదని విదురాశ్వత్థపు రావిచెట్టే సాక్ష్యము చెప్పుచున్నది.

తెలంగాణము చూడుడు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య, విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకికి బలియయ్యెను. అంతకు కొన్నేండ్ల ముందు అదే దేశముఖు దౌర్జన్యమునెదిరించి భూమికొరకు పోరాడిన షేక్ బందగీ హతుడయ్యెను. దేశముఖు హిందువు, కొమరయ్య హిందువు, బందగీ ముస్లిము. ముగ్గురి నడుమను ఉన్నది భూమి.

లోకములోనికి పోయినను ఇంతే. 1975 మొదలు 1979 వరకు కంబోడియాను పాలించిన పోల్ పాట్ ప్రభుత్వము మతమును నిషేధించెను; బౌద్ధ భిక్షువుల కాషాయములు ఊడదీయించెను. ఆ నాలుగేండ్లలో దాదాపు పదునేడు లక్షలమంది చచ్చిరని చరిత్రకారులు లెక్కగట్టుచున్నారు. మతము పోయెను, హింస పోలేదు. 1994లో రువాండాలో నూరు దినములలో దాదాపు ఎనిమిది లక్షలమందిని నరికిరి. చంపినవారును చచ్చినవారును అధికముగా క్రైస్తవులే. ఎవరిని చంపవలెనో నిర్ణయించినది గుర్తింపు కార్డులో జాతిపేరు వ్రాయుటకుంచిన ఒక గడి. మావంటి గుమాస్తాలు నింపిన గడి యది. అట్లే, 1991 డిసెంబరులో కావేరి నీటి మధ్యంతర తీర్పు మీద బెంగుళూరులో తమిళులమీద జరిగిన దౌర్జన్యమును బంగారుగనుల తమిళ కుటుంబములు మరువలేదు. కొట్టినవాడును దెబ్బలు తిన్నవాడును ఒకే దేవునికి కొబ్బరికాయ కొట్టువారు. భాష చాలినది, నీరు చాలినది. కన్నడనాట తెలుగు మాటలాడుచు బ్రదుకు మనవంటివారు ఈ సంగతి మరింత జ్ఞాపకముంచుకొనవలెను.

కావున మతము పోయినచో హింస పోవునన్న యువకుని తీర్పును కొట్టివేయుచున్నాము. ఇంతమాత్రమున వేదికమీది పెద్దమనిషి సంతోషింపనక్కరలేదు. రెండవ తీర్పు మొదటిదానికంటె బలహీనమైనది.

"మతము వేరు, మతము పేర చంపువాడు వేరు" అనుట వినుటకు సొంపుగా నుండును. కచేరీలో ఒక మొహరు ఉండును. ఆ మొహరును కాపాడు ఉద్యోగి దానిని బల్లమీద బారవైచి కాఫీకి పోయెననుకొందము. ఎవడో వచ్చి దొంగపత్రముమీద దానిని ముద్రించెను. విచారణలో ఆ ఉద్యోగి "నేను సంతకము చేయలేదు, నా మొహరు పవిత్రమైనది" అన్నచో ఏ పై అధికారి యొప్పుకొనును? మొహరుకు విలువ యున్నది కావుననే దొంగ దాని కొరకు వచ్చినాడు. విలువ యున్నది కావుననే కాపాడవలసిన బాధ్యతయు నున్నది. మతము అట్టి మొహరు.

రాజకీయ మీ మొహరు కొరకు ఏల వచ్చును? మతములో మరెక్కడను దొరకని సౌకర్యములు మూడు కలవు. ఒకటి, పిలువకయే చేరు జనసమూహము. రెండు, ముందుగానే పంచాంగములో నిర్ణయమైన తేదీ. మూడు, బేరము కుదరని పట్టుదల. కూలి రేటు మీద తగవు వచ్చినచో రూపాయికి అర్ధరూపాయి దగ్గర రాజీ పడవచ్చును. దేవుని గౌరవమునకు అర్ధరూపాయి లేదు. అధికారము కోరువానికి జనము, తేదీ, పట్టుదల ఈ మూడే కావలెను. వానిని సమకూర్చుటకు పార్టీకి పదియేండ్లు పట్టును. మతమునుండి తెచ్చుకొన్నచో ఒక సాయంకాలము చాలును.

1928లో బెంగుళూరు సుల్తానుపేట పాఠశాలలోని ఒక వినాయక విగ్రహమును గూర్చిన తగవు ఇట్లే నడచెను. విద్యార్థులు బయలుదేరిరి, పత్రికలు చేరెను, దివాను ముస్లిము గనుక మాట మతము మీదికి పోయెను, తుదకు హిందూ ముస్లిముల కొట్లాటగా ముగిసెను. విచారణసంఘమునకు అధ్యక్షులు, మన ముద్దేనహళ్లిలో పుట్టిన సర్ మోక్షగుండము విశ్వేశ్వరయ్య గారు. ఆ విచారణ విగ్రహము దగ్గర నిలువక, పరిపాలనలో ప్రజలకు పాలు లేకపోవుటవరకును పోయెను. ఒక ఇంజనీరు పగులును చూచినచో పైపూత దగ్గర ఆగక పునాదివరకు పోవుట సహజమే కదా.

విగ్రహము నిర్దోషియే, మేము కాదనము. కాని విగ్రహము చుట్టును చేరిన భక్తులు నిర్దోషులా? దేవుని పేర ఊరేగింపు ఎత్తినప్పుడు దాని ముందు నడచువాడెవడో, వానికి రేపు ఏ పదవి కావలెనో తెలిసికొనకుండ వెనుక నడచుట భక్తి కాదు, బరువు మోయుట.

రువాండాలో వేలకొలది జనులు ప్రాణభయముతో చర్చిలలోనికి పరుగెత్తిరి. అనేక చర్చిలు ఆశ్రయములు కాక వధ్యశాలలయ్యెను. హత్యాకాండలో పాలుపంచుకొన్నందుకు మతాచార్యులలో కొందరిని అంతర్జాతీయ న్యాయస్థానము శిక్షించెను. ఆ మతగురువును "క్రైస్తవుడే కాడు" అని త్రోసివేయుట సులభము. అతనికి దీక్ష ఇచ్చినదెవరు, వేదిక ఇచ్చినదెవరు, చర్చి తాళపుచెవి ఇచ్చినదెవరు అను ప్రశ్నలు మాత్రము అక్కడనే నిలిచియుండును.

ఇక మూడవ తీర్పు. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఇదియే. మన తెలుగువారి చరిత్రలో దీనికి 1948వ సంవత్సరముకంటె మంచి పరీక్ష లేదు.

మైసూరును హైదరాబాదును ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. మైసూరులో హిందూరాజు క్రింద ముస్లిము దివాను. హైదరాబాదులో ముస్లిము ప్రభువు క్రింద 1937 వరకు మహారాజా కిషన్ పర్షాదు ప్రధాని. 1947లో రెండుచోట్లను ప్రశ్న యొక్కటియే: పరిపాలన ప్రజలదా, ప్రభువుదా? మైసూరులో 1947 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో "మైసూరు చలో" ఉద్యమము నడచెను. రాజు బాధ్యతాయుత ప్రభుత్వమునకు ఒప్పుకొనెను. తగవు రాజకీయముగా పుట్టి రాజకీయముగానే తీరెను. హైదరాబాదులో ఆ ప్రశ్నమీదనే మతపు మొహరు వేసిరి. 1927లో పుట్టిన ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు, 1946 మొదలుకొని లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకుడయ్యెను; రజాకారు దళములు పెరిగెను. మన మీర్జా ఇస్మాయిలు గారే 1946లో హైదరాబాదునకు ప్రధానిగా పోయి, ఏడాదియైనను నిండకుండ 1947లో వైదొలగవలసి వచ్చెను. ఆయనను ఓర్వలేనివారు హిందువులు కారు, ఇత్తెహాదువారే. బెంగుళూరులో ముస్లిమైనందుకు దూషింపబడినవాడు, హైదరాబాదులో చాలినంత ముస్లిము కానందుకు దూషింపబడెను!

రజాకారుల దౌర్జన్యములు మనవారందరు ఎరిగినవే. 1948 ఆగస్టు 27వ తేదీన భైరాన్‌పల్లిలో పదులకొలది గ్రామస్థులను నిలువబెట్టి కాల్చిరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది. ఆ కథ చెప్పని తెలుగు సభ లేదు, చెప్పవలసినదే. కాని దానికి అయిదారు దినములకు ముందు హైదరాబాదు వీథిలో జరిగిన మరొక హత్యను ఎందరు చెప్పుదురు? "ఇమ్రోజ్" అను ఉర్దూ పత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్, హైదరాబాదు భారతదేశములో చేరవలెనని వ్రాసినందుకు, రాత్రివేళ ఇంటికి పోవుచుండగా చంపబడెను. వ్రాసిన చేతిని నరికిరి. చచ్చినవాడు ముస్లిము, చంపించినవారు ముస్లిములు. మనము ముస్లిములను నిందించునప్పుడు ఈ పేరు మరచిపోవుదుము. ముస్లిములు తమ వీరులను లెక్కించుకొనునప్పుడు వారును మరచిపోవుదురు. రెండు ఖాతాల లెక్కలో షోయబుల్లాఖానునకు చోటు లేదు.

ఇంక రెండవ ప్రక్క. సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము ప్రవేశించెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఆ పిమ్మట జరిగినదానిని విచారించుటకు ప్రధాని నెహ్రూ గారు పండిత సుందర్‌లాలు గారిని, ఖాజీ అబ్దుల్ గఫారు గారిని, మరికొందరిని పంపిరి. సైనికచర్య సమయమునను దాని తరువాతను తక్కువలో తక్కువగా 27,000 మొదలు 40,000 వరకు జనులు చంపబడిరని వారి అంచనా. చచ్చినవారిలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ఘోరము అధికము. ఇందులో రెండు జిల్లాలు నేడు మన కర్ణాటకలోనివే. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. 2013 ప్రాంతమున గాని సామాన్య పాఠకునకు అందుబాటులోనికి రాలేదు. చచ్చిన ఆ పల్లెటూరి ముస్లిము రజాకారు కాడు; రజ్వీ కాడు. రజ్వీ చెరసాలలో ఉండి, 1957లో విడుదలై, పాకిస్తానునకు పోయెను. నాయకుడు బ్రతికెను, నాయకుని మతమువాడైనందుకు దర్జీయు, నేతగాడును చచ్చిరి.

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీని ఒకరు విమోచన దినమందురు, ఒకరు విలీన దినమందురు, ఒకరు సమైక్యతా దినమందురు. పేరు ఏదైనను కానిండు. ఆ సభలో భైరాన్‌పల్లి మృతులతో పాటు ఆ తరువాతి మృతులకును తలవంచినచో అది చరిత్ర; ఒకరికే తలవంచినచో అది ఎన్నికల సభ.

"అయితే మీరు అందరిని సమానము చేయుచున్నారా? రజాకారుల నేరము తగ్గింపజూచుచున్నారా?" అని కొందరడుగుదురు. ఆ ప్రశ్నకు మా జవాబు: ఒకే పుస్తకములో వ్రాయుట వలన పద్దులు సమానము కావు. పది రూపాయల పద్దు పదియే, వేయి రూపాయల పద్దు వేయియే. ఎవరి బాకీ వారి పేరనే ఉండును. ఒకే పుస్తకములో వ్రాయనినాడు మాత్రము ఎవరి బాకీ ఎంతయో ఎప్పటికిని తేలదు. తేలని బాకీకి వడ్డీ పెరుగుచునే యుండును. ఆ వడ్డీని చెల్లించువారు అప్పటికి పుట్టని పిల్లలు.

"మన మతము అట్టిది కాదు" అనువారికి మన చింతామణి తాలూకాలోని కంబాలపల్లిని జ్ఞాపకము చేయుచున్నాము. 2000 మార్చి 11వ తేదీ రాత్రి ఆ పల్లెలో ఏడుగురు దళితులను ఇంటిలో పెట్టి సజీవముగా తగులబెట్టిరి. అప్పటికి అది మన కోలారు జిల్లాయే. అక్కడ పరమతస్థుల ప్రసక్తియే లేదు. సాక్షులు ఎదురు తిరిగిరి; 2006లో న్యాయస్థానము నిందితులను విడుదల చేసెను. ఏడుగురు కాలిపోయిరి, కాల్చినవాడొక్కడును లేడు! మతమునకు అవమానము జరిగినదని ఊరేగింపు తీయువారు ఆ ఏడుగురి కొరకు ఎంతదూరము నడచిరి? గురివిందగింజ తన నలుపెరుగదన్న సామెత మన పెద్దలు ఊరకనే చెప్పలేదు.

పరమతస్థునివలన మతమునకు ముప్పు అన్నమాట ఎంత బూటకమో లోకచరిత్ర చూచిన తెలియును. 1948 జనవరి 30న రామనామస్మరణ చేయు గాంధీజీని చంపినవాడు హిందువు. 1959 సెప్టెంబరులో సింహళ ప్రధాని బండారనాయకను కాల్చినవాడు కాషాయాంబరధారియైన బౌద్ధ భిక్షువు. బౌద్ధుల మద్దతుతోనే ఆయన అంతకు మూడేండ్ల ముందు అధికారమునకు వచ్చియుండెను. 1980 మార్చిలో ఎల్ సాల్వడారులో ఆర్చిబిషపు రొమేరోను పూజ చేయుచుండగా కాల్చివేసిరి. అది కాథలిక్కుల దేశము. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాతును చంపినవారు ముస్లిములు. 1995లో ఇస్రాయేలు ప్రధాని రాబినును చంపినవాడు యూదుడు. షోయబుల్లాఖానును ఈ వరుసలోనే నిలుపవలెను. మతమును ఆయుధము చేసికొన్నవాడు మొదట వెదకునది ఎదుటి మతస్థుని కాదు, తన మతములోనే "వద్దు" అను మనిషిని. ఎదుటివాడు వానికి అవసరము. ఎదుటివాడు లేనిదే వాని ఉపన్యాసము సాగదు. తనవారిలో "వద్దు" అనువాడు వాని వ్యాపారమునే చెడగొట్టును. కావున మతరక్షకుని వలన మొదటి భయము ఆ మతమువారికే.

ఇట్టి తగవులు తీరుట యెట్లు? ఉత్తర ఐర్లండులో కాథలిక్కులును ప్రొటెస్టెంటులును ముప్పదియేండ్లు చంపుకొనిరి. సుమారు 3,500 మంది చచ్చిరి. 1998లో ఒడంబడిక కుదిరెను. ఆ ఒడంబడికలో మతసిద్ధాంతములను గూర్చిన తర్కము లేదు. పోపు గొప్పవాడా కాడా అన్న చర్చ లేదు. శాసనసభలో పాలు, పోలీసుశాఖ సంస్కరణ, ఖైదీల విడుదల, ఆయుధముల అప్పగింత, వీనిని గూర్చియే వ్రాసికొనిరి. ఎవరి చర్చి వారికే ఉన్నది; చావులు మాత్రము చాలవరకు ఆగెను. రోగము రాజకీయములో నున్నది గనుక మందును అక్కడనే దొరికెను. మతముపై వేసిన మొహరు తీసివేసి, క్రిందనున్న దరఖాస్తును చదివినచో, అందు ఉద్యోగము, భూమి, గౌరవము, రక్షణ అను మాటలే కనబడును. అవి తీర్చదగిన కోరికలు.

ఇదంతయు ఒక సాంస్కృతిక సంచికలో ఏల యని అడుగువారుందురు. సంస్కృతి యనగా పద్యములు పాడుట, హరికథలు చెప్పించుట మాత్రమే యైనచో ఈ వ్యాసము తగనిదే. కాని మన సంఘములే పందిళ్లు వేయుచున్నవి, చందాలు వసూలు చేయుచున్నవి, ఊరేగింపులు తీయుచున్నవి. మొహరు మన బల్లమీదనే యున్నది.

మన చుట్టును జరిగినవి చూడుడు. 2020 ఆగస్టు 11న బెంగుళూరులో ఫేసుబుక్కులో ఎవడో వ్రాసిన నాలుగు మాటలకు శాసనసభ్యుని ఇల్లును, పోలీసుఠాణాను ముస్లిము గుంపులు తగులబెట్టినవి; కాల్పులలో ముగ్గురు చచ్చిరి. 2021 డిసెంబరులో మన జిల్లాలో క్రైస్తవుల గ్రంథములను లాగుకొని వీథిలో కాల్చిరి. 2022 ఏప్రిలులో ముళబాగిలులో శ్రీరాముని శోభాయాత్రమీద రాళ్లు పడెను. ఊరిలో నిషేధాజ్ఞలు పెట్టవలసి వచ్చెను. ఒకదానిలో ముస్లిముల తప్పు, ఒకదానిలో హిందువుల తప్పు అని పంచుకొని చేతులు దులుపుకొనుటకు కాదు మేమివి చెప్పుట. నిప్పు మన కొట్టమునకు ఎంత దగ్గరగా వచ్చినదో కొలుచుకొనుటకు చెప్పుచున్నాము.

ఇదే నేలమీద మరొక లెక్కయు నున్నది. చింతామణి దగ్గర మురుగమల్ల దర్గాకు హిందువులు మ్రొక్కుకొని పోవుచుందురు. అమ్మాజాన్, బావాజాన్ అని పిలుచుకొనుచుందురు. ముళబాగిలులో ఆంజనేయస్వామి గుడియు, శ్రీపాదరాయల మఠమును, హైదర్ వలీ దర్గాయు నున్నవి. ఒక ఊరి జనమే వానికి పోవుచు వచ్చుచున్నారు. కైవారములో గాజులమ్ముకొని బ్రదికిన నారేయణ తాత, తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడి, జాతిమత భేదము లేక అందరిచేతను తాత యనిపించుకొనెను. హైదరాలీ పుట్టిన బూదికోటయు ఈ జిల్లాలోనిదే. ఇది మనము కొత్తగా సంపాదింపవలసిన ఆస్తి కాదు. పోగొట్టుకొనకుండ చూచుకొనవలసిన ఆస్తి.

ఇందుకు సంఘములవారు చేయదగిన పనులు నాలుగు చెప్పి ముగింతుము. అవి గొప్ప పనులు కావు; గుమాస్తాకు తోచిన పనులు.

మొదటిది: దేవుని పందిటిలో పదవిలో ఉన్నవానికిని పదవి కోరువానికిని మైకు ఇయ్యరాదు. వచ్చి దండము పెట్టుకొని ప్రసాదము తీసికొని పోవచ్చును. ఎన్నికల సంవత్సరములో అభ్యర్థులవద్ద ఉత్సవపు చందా పుచ్చుకొనరాదు. చందా ఇచ్చినవాడు రసీదుతో తృప్తిపడడు. ఊరేగింపు ఏ వీథిని పోవలెనో కూడ చెప్పును.

రెండవది: ఊరేగింపు పోవు త్రోవ, బయలుదేరు వేళ, ముగియు వేళ ముందుగా కాగితముమీద వ్రాసి, ఆ త్రోవలోని గుడి, మసీదు, చర్చి పెద్దల సంతకములు తీసికొనవలెను. సంతకము చేసినవాడు రాయి వేయువానిని తానే పట్టుకొనును. ఇతరుల ప్రార్థనాస్థలము ముందు నిలిచి చిందులు త్రొక్కుట ఏ ఆగమములోను పూజావిధి కాదు.

మూడవది: సంతకము లేని అర్జీని ఏ కచేరీయు విచారణకు తీసికొనదు. చేతిఫోనులోనికి వచ్చు సంతకము లేని సందేశమునకును అదే మర్యాద చేయవలెను. వ్రాసినదెవరు, చూచినదెవరు, ఏ ఊరు, ఏ తేదీ అను నాలుగు ప్రశ్నలకు జవాబు లేనిదానిని మరొకరికి పంపువాడు, ఆ అబద్ధముక్రింద తన సంతకము పెట్టినవాడే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: మన పిల్లలకు చరిత్ర చెప్పునప్పుడు ఒక్క ఖాతా పుస్తకమే తెరువవలెను. భైరాన్‌పల్లి చెప్పిన నోటితోనే సుందర్‌లాలు నివేదిక చెప్పవలెను. రజ్వీ పేరు చెప్పిన చోటనే షోయబుల్లాఖాను పేరు చెప్పవలెను. విదురాశ్వత్థపు కాల్పులు చెప్పిన గురువే కంబాలపల్లి మంటలు కూడ చెప్పవలెను. పిల్లలు దీనివలన మతమును ద్వేషింతురని భయపడనక్కరలేదు. దొంగలెక్క పెద్దయిన పిమ్మట బయటపడినప్పుడే పిల్లలు పెద్దలను, పెద్దల దేవుని కూడ ఒకేమారు విడిచిపెట్టుదురు.

మా మాటలు కొందరికి కటువుగా తోచవచ్చును. మేము నిత్యము దీపము పెట్టుకొను ఇంటివారమే. దేవుని విడువుమని ఎవ్వరికిని చెప్పుట లేదు. దేవుని పేరుగల మొహరును బల్లమీద విడిచిపెట్టి పోవలదని చెప్పుచున్నాము. ఈ సంవత్సరపు వినాయకచవితి పందిటికి గుంజలు పాతకముందే, కార్యవర్గమువారు పై నాలుగు విషయములను తీర్మానపు పుస్తకములో వ్రాసి సంతకములు చేయుదురని ఆశించుచున్నాము. ఆ తీర్మానమునకు చక్కని నకలు వ్రాసి ఇచ్చుటకు, చేయి కొంచెము వణకుచున్నను, మేము సిద్ధముగా నున్నాము.